చుక్కలు కనిపించని పందిరి

ఓర్లీ ఎవర్ని భోజనానికి పిలిచినా ముందొచ్చే జవాబు ఒక్కటే: "ఇంకా ఎవరెవరు వస్తున్నారు?" మెల్‌బోర్న్‌లో పీహెచ్‌డీలు చేస్తున్న యూదు కుర్రకారుదీ, కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళదీ అదే పాట. వస్తానన్నవాడు రాడు. రానన్నవాడు ఇద్దరు స్నేహితుల్ని వెంటేసుకొచ్చి, కూర్చోడానికి చోటేదీ అంటాడు. పగలంతా పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసి, సాయంత్రాలు వీళ్ళని ఒక్కచోట చేర్చే పని నెత్తినేసుకున్నందుకు ఓర్లీకి ఏళ్ళ తరబడి చుక్కలు చూపిస్తున్నారు.

అయినా మానదు. పెర్త్ నుంచి వచ్చిన కొత్తలో ఒక శుక్రవారం సాయంత్రం, యూదుల ఇళ్ళలో అందరూ కలిసి తినే సబ్బాతు వేళ, అద్దెగదిలో ఒక్కతే కొవ్వొత్తులు వెలిగించుకుని డబ్బా చేప తింది. అలాంటి భోజనం ఇంకొకరు చేయకూడదని ఆమె పంతం.

ఈసారి ఆ పంతానికే ఎసరొచ్చింది. ప్రార్థనామందిరం అధ్యక్షుడు బ్రస్ట్‌మన్ గారు తేల్చి చెప్పేశారు. "చూడమ్మాయ్, పోయినసారి నీ విందుకి కుర్చీలొచ్చాయి గానీ మనుషులు రాలేదు. సుక్కోత్ విందూ ఇలాగే అయితే మందిరం పెరడు పెద్దవాళ్ళ పేకాటకి ఇచ్చేస్తాం."

సుక్కోత్ పండుగకి ఆకుల పందిరి కింద భోంచేయాలి. ఆ పందిరే సుక్కా. అక్టోబరు వానకి జడిసి ఓర్లీ తెలివిగా దాన్ని పెరట్లో కార్లు నిలిపే రేకుల షెడ్డు కింద వేయించింది. పైన యూకలిప్టస్ కొమ్మలు కప్పింది. దీపాలు కట్టింది. ఈమధ్యే పెర్త్ నుంచి తన దగ్గరికి వచ్చేసిన అమ్మమ్మ బూబా కాచిచ్చిన కోడి సూపు గిన్నె మోసుకొచ్చి పెట్టింది.

చెప్పిన వేళ దాటినా వచ్చింది ఇద్దరే. ఒకరు మాంటెవిడియో నుంచి చదువుకోడానికి కొత్తగా దిగిన రెనాటా. పక్క కుర్చీలో తన సంచీని కూర్చోబెట్టి, దానికేసే చూస్తోంది పాపం. రెండోవాడు ధర్మశాస్త్రం మీద పీహెచ్‌డీ చేస్తున్న ఎల్కానా. వాడు లోపలికి రాకుండా గుమ్మంలోనే నిలబడి మెడెత్తి పైకి చూశాడు.

"ఓర్లీ, ఇది సుక్కా కాదు."

"మరేంటి, నా తలకాయా?"

"కొమ్మల్లోంచి చుక్కలు కనపడాలి. ఇక్కడ రేకు కనపడుతోంది. పైన కప్పుంటే పందిరి చెల్లదు. చంటిపిల్లల్ని అడిగినా చెప్తారు."

ఓర్లీకీ తెలుసు, బళ్ళో చదివిందే. వాన ధ్యాసలో పడి మరిచిపోయింది. ముందు సిగ్గేసింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. "అయితే అక్కడే నిలబడి గాలి భోంచెయ్" అంది. పండుగ మొదట్లో ఫోను ముట్టుకోకూడదు గానీ, ఇది నడిమి రోజు కనుక ముట్టుకోవచ్చు. వాడు ఫొటో తీసి అందరికీ పంపాడు: "ఓర్లీ సుక్కా చెల్లదు."

అంతే! పొద్దుట్నుంచీ "ఎవరెవరు వస్తున్నారు" అన్నవాళ్ళంతా బెల్లానికి చీమల్లా వచ్చిపడ్డారు. ఒకడు చెల్లుతుందన్నాడు, ఇంకొకడు చెల్లదన్నాడు, వైద్యం చదివే పిల్ల ఇద్దరికీ అక్షరమ్ముక్క రాదంది. తిట్టుకుంటూనే తలో గుంజా పట్టుకుని పందిరిని ఆరుబయటికి మోశారు. రెనాటా కూడా ఒక గుంజ పట్టుకుని, "మా ఊళ్ళో ఇలా కాదు!" అని అరిచింది.

గుంజలు నేలకి ఆనాయో లేదో వాన అందుకుంది. తిండి పాడయ్యేంత వానైతే లోపలికి పోవచ్చని శాస్త్రం. ఇక సూపు పాడైందా లేదా అని రెండో గొడవ. ఓర్లీ తడుస్తూనే ఫోను తీసింది.

"బూబా, నీ సూపంతా నీళ్ళపాలైంది! వీళ్ళతో నావల్ల కాదు!"

"జనం ఉన్నారా?"

"కాలు పెట్టే సందు లేదు."

"మరి ఏడుపెందుకే పిచ్చిమొద్దూ? మనవాళ్ళు విందుకి పిలిస్తే రారు. తప్పు చూపిస్తే పరిగెత్తుకొస్తారు."

బ్రస్ట్‌మన్ గారు గొడుగేసుకుని వచ్చారు. సూపు రుచి చూసి "పాడైంది" అన్న పాపానికి అందరూ ఆయన మీద పడ్డారు. ఎలాగో తప్పించుకుని ఓర్లీ దగ్గరికి చేరారు.

"పెరడు నీదేలే అమ్మాయ్. వచ్చే నెల ఏం పెడుతున్నావ్?"

ఓర్లీ పందిరికేసి చూసింది. రెనాటా సంచీ ఎప్పుడు పడిందో నేల మీద తడుస్తోంది. దాని కుర్చీలో ఎల్కానా కూర్చుని, ఆ పిల్లతో చేతులూపుతూ వాదిస్తున్నాడు.

"ఇంకా ఏమీ అనుకోలేదండీ. మంచి తప్పొకటి దొరకాలి."