రెండిళ్ళ దండెం

ఆమెకు మీటరు వదిన అని పేరు పెట్టింది సొంత మరిదే. కాపురానికి వచ్చిన కొత్తలో, స్నానాల గదిలో మొగుడున్నాడో లేడో చూసుకోకుండా బయటి నుంచి లైటు ఆర్పేసింది. లోపల్నుంచి కేక. "సబ్బు చేతికందిందిగా, ఇంక లైటెందుకండీ?" అని వెళ్ళిపోయిందని మరిది ఇప్పటికీ ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెబుతాడు. ఆమె ఉద్యోగం కరెంటాఫీసులో, ఫిర్యాదుల కౌంటరు దగ్గర. పొద్దస్తమానం జనం చేత చీవాట్లు తిని ఇల్లు చేరేసరికి, ఎవరూ లేని గదిలో ఫ్యాను గిర్రున తిరుగుతుంటే ఒళ్ళు మండదా మరి?

అభిప్రాయాలకు ఆమె దగ్గర కొదవ లేదు. ఏసీ నుంచి కారే నీళ్ళు బకెట్లో పట్టి మొక్కలకు పోస్తుంది. ప్లాస్టిక్ సంచి ఇవ్వబోయిన కొట్టువాడికి అక్కడికక్కడే క్లాసు పీకుతుంది. ఆమె ఫోను తెర ఎప్పుడో బీటలు వారింది. ఫోన్ల షాపు నడిపే మరిది, "పరువు తీస్తున్నావు వదినా, నా షాపు ముందు మాత్రం దాన్ని బయటికి తియ్యకు" అని దండం పెడతాడు. "మోగుతోందిగా, ఎత్తితే మాట్లాడుతున్నారుగా" అంటుంది ఆమె. రాజకీయాల మాటెత్తితే మాత్రం లేచి వంటింట్లోకి పోతుంది. ఎవరు గెలిచినా కరెంటు పోతే తిట్లు తినేది తనేనని ఆమె బాధ.

కింది వాటాలో ఆమె, కళ్ళజోళ్ళ షాపు నడిపే మొగుడు. పై వాటాలో మరిది, తోడికోడలు. మెట్ల కింద రెండు వాటాలకీ కలిపి ఒకటే వాషింగ్ మెషిన్. నిండితేనే దాన్ని తిప్పాలని ఆమె శాసనం. సగం బట్టలతో తిప్పితే నీళ్ళూ దండగ, కరెంటూ దండగ. ఇంకా చోటుంటే మెట్ల దగ్గర నిలబడి "ఇంకేమన్నా ఉన్నాయా?" అని పైకి అరిచేది. అప్పటికీ నిండకపోతే మొగుడి కాళ్ళకున్న మేజోళ్ళు లాగేసేది.

ఉతికిన బట్టలు డాబా మీద దండెం మీదికి చేరేవి. ఆరాక తియ్యడానికి తోడికోడళ్ళిద్దరూ వెళ్ళేవాళ్ళు. చొక్కాలూ తువ్వాళ్ళూ ఎవరైనా మడుస్తారు, దుప్పటికి మాత్రం ఇద్దరు కావాలి. చెరో వైపూ కొసలు పట్టుకుని, లాగి, దులిపి, ఒకరికొకరు ఎదురు నడిచి కొసలు కలిపేవాళ్ళు. ముక్కూ ముక్కూ తగిలేంత దగ్గరికొచ్చినప్పుడే అసలు కబుర్లన్నీ. చిన్నామె పనిచేసే బేకరీలో యజమాని కోపం, పెద్దామె కౌంటరు దగ్గర తిట్లు, మొగుళ్ళ మొండితనం, అన్నీ ఆ మడతల మధ్యే. అక్కచెల్లెళ్ళు లేని మీటరు వదినకు రోజు మొత్తమ్మీద కడుపునిండా నవ్వే సమయం అదొక్కటే.

అంతలో ఎన్నికలొచ్చాయి. అన్న ఒక పార్టీ, తమ్ముడు ఇంకో పార్టీ. మొదట్లో భోజనాల దగ్గర సరదాగానే వాదించుకున్నారు. తర్వాత సరదా పోయి వాదన మిగిలింది. తమ్ముడికి వాళ్ళ పార్టీ ఊదారంగు టీషర్టు ఇచ్చింది. అన్న తన పార్టీ సభలో వేదిక ఎక్కడానికి తెల్లచొక్కా కొనుక్కున్నాడు.

సభకు ముందురోజు ఆ తెల్లచొక్కా కూడా వేశాక మెషిన్‌లో ఇంకా కాస్త చోటు మిగిలింది. మీటరు వదిన అలవాటు చొప్పున పైకి అరిచింది. తోడికోడలు ఆ టీషర్టు విసిరింది. కొత్తదని మీటరు వదినకు తెలుసు, రంగు పోతుందేమోనని ఒక్క క్షణం చెయ్యి ఆగింది కూడా. కానీ చోటు ఊరికే పోతుందే! వేసేసింది.

తెల్లచొక్కా ఊదాగా బయటికొచ్చింది.

తమ్ముడు చూసి పొట్టచెక్కలయ్యేలా నవ్వాడు. "అన్నయ్యా, ఇన్నాళ్ళకి సరైన పార్టీలోకొచ్చావు!"

"ఒరేయ్, కావాలనే చేశావురా!"

"తప్పు నాదండీ, నేనే వేశాను" అని ఆమె మొత్తుకుంటూనే ఉంది. ఎవరు విన్నారు? మాటా మాటా పెరిగి, చిన్నప్పుడు ఎవరు ఎవరి సైకిలు విరగ్గొట్టారో అక్కడిదాకా పోయింది. ఆ వారంలోనే పై వాటాకి కొత్త మెషిన్ వచ్చింది. పనయ్యాక పాట పాడుతుంది, ఫోనుకి కబురు పంపుతుంది, బట్టల్ని తనే వేడి చేసి ఆరబెట్టేస్తుంది. ఎండ ఊరికే కాస్తుంటే కరెంటు పెట్టి ఆరబెట్టడమేమిటని మీటరు వదిన గుండె చివుక్కుమంది. నోరు మాత్రం మెదపలేదు. ఆ మెషిన్ ఇంట్లోకి రావడానికి కారణం తనేగా.

ఫలితాలొచ్చాయి, ఒకరి పార్టీ గెలిచింది. మర్నాడే కరెంటు పోయింది, తిట్లు ఆమెకే పడ్డాయి.

అన్నదమ్ములు మెట్ల మీద ఎదురుపడితే గోడకేసి చూసుకుంటున్నారు. తోడికోడలు కనపడితే నవ్వుతుంది, వెనకాల మొగుడుంటే ఆ నవ్వు సగంలో ఆగిపోతుంది. పాత మెషిన్ నిండడానికి రోజులు పడుతోంది. డాబా మీద మీటరు వదిన ఒక్కతే దుప్పటి కొసని గడ్డం కింద నొక్కిపెట్టి మడవబోతే, రెండో కొస నేలకి రాస్తోంది. పోయిందేదో ఆమెకు అప్పుడు బాగా తెలిసింది. ఒకసారి దుప్పటిని ముద్ద చేసి ఒళ్ళో పెట్టుకుని, నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుని ఏడ్చింది కూడా.

ఒక సెలవురోజు మధ్యాహ్నం ఆమె దండెం తుడుస్తుంటే మెట్ల మీద అడుగుల చప్పుడైంది. తోడికోడలు. చేతుల్లో పెద్ద దుప్పటి.

"అక్కా" అంది, గుమ్మంలోనే ఆగి. "మెషిన్‌లో సరిగ్గా ఆరలేదు. కాస్త ఎండలో వేద్దామని..."

మీటరు వదిన చేతులు చాపి దుప్పటి అందుకుంది. అది వెచ్చగా, పెళపెళలాడుతూ ఉంది. ఎక్కడా చుక్క తడి లేదు. ఒక మెషిన్ ఆరబెట్టిన దాన్ని మళ్ళీ ఎండలో ఆరెయ్యడమనే దండగ పని ఇంకెవరైనా చేసి ఉంటే ఆమె చేతిలో అయిపోయేవాళ్ళే.

ఆమె దుప్పటిని బుగ్గకి ఆనించి చూసింది.

"అవునే, తడి తడిగానే ఉంది" అంది మీటరు వదిన. "ఆరేసరికి సాయంత్రమవుతుంది. కూర్చో."

చిన్నామె రెండో కొస పట్టుకుంది.