పదిహేడు మెయిళ్ల తేడా

పదకొండేళ్లలో పోగైన నాలుగు వేల రెండు వందల పదహారు మెయిళ్లు ఒక్క నొక్కుతో మాయమయ్యాయి. పోయిన జూలైలో, కంకిపాడులోని మా భూసార పరీక్షల కేంద్రంలో జరిగిందిది.

రైతుల మట్టిని పరీక్షించే ల్యాబ్ వాళ్లు రిపోర్టులు మాకు మెయిల్‌లోనే పంపుతారు. పాప్ అనే పాత పద్ధతిలో మెయిళ్లు నా కంప్యూటర్‌లోకి దిగి, సర్వర్‌లో చెరిగిపోయేవి. ఫోన్‌లోనూ కనిపిస్తాయని, మెయిళ్లను సర్వర్‌లోనే ఉంచే ఐమ్యాప్‌కు మారాను. పాతవీ అందులోకి వచ్చేశాయనుకుని పాత అకౌంట్ తొలగించాను; కంప్యూటర్‌లో ఉన్నవన్నీ దాంతోపాటే పోయాయి.

"నా రిపోర్టేదండీ? ఎల్లుండి నాట్లు. ఏ ఎరువు ఎంత వేయాలో చెప్పండి," అన్నారు ఎదురుగా కూర్చున్న రైతు వెంకట్రావు గారు.

ప్రతి శనివారం పెన్‌డ్రైవ్‌లో దాచే నకలు గుర్తొచ్చి, దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి లెక్కపెట్టాను. పదిహేడు తక్కువ. ఆ శనివారం తర్వాత వచ్చిన ఆయన రిపోర్టూ వాటిలోదే.

"మళ్లీ మట్టి తేగలరా?" అనడిగాను.

"నీళ్లు పెట్టి దమ్ము చేసేశాక పొలమంతా బురదే, మట్టెక్కడిదండీ? మీ కంప్యూటర్ కన్నా మా గేదె నయం, మింగింది నెమరుకైనా తెస్తుంది."

అడిగితే ల్యాబ్ వాళ్లు పదిహేడింటిలో పదహారు తిరిగి పంపారు. ఆయనది వాళ్ల దగ్గరా దొరకలేదు. ఆయన ఉజ్జాయింపుగానే ఎరువు వేశారు. ఏదైనా తొలగించే ముందు ఇప్పుడు పాత చోటా కొత్త చోటా లెక్క సరిచూస్తాను. వెంకట్రావు గారికి నేనివ్వాల్సిన రిపోర్టు మాత్రం ఇప్పటికీ ఒకటి బాకీ.