కాళ్లు నేలకందిన బండి

మొన్న ఆదివారం మా అన్న కూతురు హైదరాబాదు నుంచి వచ్చి, అన్నం తిన్నాక నా పక్కన చాప మీద బోర్లా పడుకుని, ఫోనులో రెండు మోటారు సైకిళ్ల బొమ్మలు పక్కపక్కన పెట్టి చూపించింది. దూర ప్రయాణాల కోసమని చేసిన బండ్లట అవి. రెండూ ఒకే కంపెనీవి, ఒకే పేరువి, కాకపోతే ఒకటి కొన్నేళ్ల కిందటి తరం, ఇంకొకటి ఈ ఏడు వచ్చిన తరం. పాతది నిదానం, నమ్మకం అని, కొత్తది వేగం, దానిలో లేని హంగు లేదని ఏవేవో చెప్పుకుపోయి, "అత్తమ్మా, నువ్వైతే ఏది తీస్కుంటవ్?" అని అడిగింది. పిల్ల నవ్వులాటకు అడిగిందే గాని, నా మనసు అప్పటికే నలభై ఏళ్లు వెనక్కి పోయి నల్లగొండలో ఒక రేకుల షెడ్డు ముందు నిలబడి ఉంది.

ఎనభైల నడిమి సంగతి. నేను ఆత్మకూరు సర్కారు దవాఖానలో నర్సును, మా ఆయన కేతేపల్లి బడిలో లెక్కల పంతులు. మా బాపు, ఆయన నాయిన ఇద్దరూ ఒకరి పొలాల్లో కూలికి పోయి మమ్మల్ని చదివించినవాళ్లు కనుక, చేతికందిన నౌకరీని వదులుకోవడమన్న మాటే మా ఇళ్లలో పుట్టదు. పెళ్లయిందన్న పేరే గాని ఒకరం కృష్ణ దగ్గర, ఒకరం మూసీ దగ్గర. నడుమ రెండు వందల కిలోమీటర్లు దాటిన దారి. బదిలీ కోసం పెట్టుకున్న దరఖాస్తులు ఏ బల్ల మీద నిద్రపోతున్నాయో ఎవరికీ తెలియదు. పదిహేను రోజులకొకసారి, శనివారం ఒంటిపూట బడి కాగానే ఆయన బండెక్కి నల్లగొండ, దేవరకొండ, డిండి, కల్వకుర్తి, నాగర్‌కర్నూలు, వనపర్తి దాటుకుంటూ, ముఖమంతా దుమ్ము పట్టి, పొద్దుగుంకాక వచ్చేవారు. మళ్లీ ఆదివారం ప్రార్థన ముగిసి అన్నం తినగానే ప్రయాణం. మా కాపురమంతా ఆ నడుమ ఉన్న కొద్ది గంటలే.

ఆ బండి ఆయన సెకండ్ హ్యాండులో కొన్నది. గుండ్రటి ట్యాంకు, రెండు పక్కలా రెండు పొగగొట్టాలు, కిక్కు కొట్టిన కడ్డీనే ముందుకు మడిచి గేరుగా వాడుకునే విచిత్రం. నా తరం వాళ్లకు ఆ శబ్దం ఈపాటికి చెవుల్లో మోగే ఉంటుంది. దానికి మరమ్మతు చేసే ముసలి ఉస్తాద్ నల్లగొండలో ఉండేవాడు. ఒక దసరా సెలవుల్లో నేను కేతేపల్లికి వచ్చి ఉండగా ఉస్తాద్ కబురు పెట్టాడు: అదే కంపెనీ కొత్త తరం బండి ఒకటి, ఎవరో డాక్టరు ఏడాది నడిపి వదిలింది, తన షెడ్డులో ఉందని, కావాలంటే పాతదానికి మారు ఇస్తానని. మా ఆయన ఆ రాత్రి సరిగా నిద్రపోలేదు. ఆ బండైతే దారిలో రెండు గంటలు మిగులుతాయని, పోను రెండు, రాను రెండు, అవి నాలుగూ మనవేనని, లెక్కల పంతులు గదా, నాకు వేళ్ల మీద చూపించారు.

తెల్లారి ఇద్దరం పోయాం. కొత్తది నల్లగా నిగనిగలాడుతూ, పొడవుగా, ఎత్తుగా ఉంది. నన్ను వెనక కూర్చోబెట్టుకుని పానగల్లు దాకా తీసుకుపోయారు. ఒట్టు పెట్టి చెబుతున్నాను, చెరువుగట్టు పక్కన ఆ బండి అంత వేగంలోనూ ఊయలలా సాగిపోతుంటే, నీళ్లూ ఆకాశమూ కలిసిపోయి, నేను నేల మీద లేననిపించింది. షెడ్డుకు తిరిగొచ్చాక, తీసుకోవలసిందేనని నేనే అన్నాను. ఆయన ఉస్తాద్‌తో మాట్లాడుతుంటే, ఏం బుద్ధి పుట్టిందో, నేను మెల్లగా ఆ బండి ముందు సీటు మీద కూర్చున్నాను. పొట్టిదాన్ని. బొటనవేళ్లు మాత్రం నేలకు తగిలాయి, బండి పక్కకు ఒరిగింది, ఉస్తాద్ పరుగున వచ్చి పట్టుకున్నాడు.

"నీకు గా పాతదే మంచిగుంటది బేటీ, కాళ్లందుతయ్," అన్నాడు నవ్వుతూ.

"ఆమె తోల్తదా ఏంది, ఉస్తాద్?" అన్నారు మా ఆయన.

"ఎందుకు తోలొద్దు సార్?"

ఆ ముసలాయన అంత మామూలుగా అడిగిన ప్రశ్న నాతో పాటు కేతేపల్లి దాకా వచ్చింది. ముందు రోజు దాకా నాకు లేని కోరిక అది. నకిరేకల్లు దాటాక, కొత్త బండి సంగతి రేపు తేల్చేద్దామని ఆయన అంటుంటే, వెనక నుంచి, "నాకు నేర్పుతరా?" అని అడిగాను. ఊరి పొలిమేరలోకి వచ్చాక ఆయన, "అట్లయితే పాతదే ఉండనీ," అన్నారు. అంతే, కొత్త బండి సంగతి మళ్లీ చాలా రోజుల దాకా మా మధ్య రాలేదు.

అప్పటి నుంచి ఆదివారం పొద్దున్నే, ఆనకట్ట పనులు జరుగుతున్న జూరాల దారిలో, ఆయన పాత ప్యాంటు, పొడుగు చేతుల చొక్కా తొడుక్కుని నేను నేర్చుకున్నాను. ఉన్న కొద్ది గంటల్లోంచి అందుకూ ఖర్చు పెట్టుకున్నాం. పడ్డాను, మోకాలు కొట్టుకుపోయింది, ఊరివాళ్లు నవ్వారు, తరవాత నవ్వడం మానేశారు.

ఆ మరుసటి మార్చిలో ఒకసారి ఆయన ఒళ్లు నొప్పులతో వచ్చారు. పరీక్షల రోజులు, సెలవు దొరకదు. జ్వరంలో బండి తోలొద్దని, దాన్ని నా దగ్గరే ఉంచుకుని నేనే బస్సెక్కించాను. నర్సునై ఉండి కళ్లలోకి సరిగా చూడలేదు. ఆ తప్పు ఇప్పటికీ నన్ను గుచ్చుతుంది. నాలుగో రోజు హెడ్ మాస్టరు దగ్గర నుంచి టెలిగ్రాము: కామెర్లు, వెంటనే రావాలి. ఆ నడుమే బస్సుల సమ్మె మొదలైంది. నేను సెలవు చీటీ రాసి డాక్టరు బల్ల మీద పెట్టి, తెల్లవారకముందే జడను రుమాలులో చుట్టుకుని బండి తీశాను.

ఆ ప్రయాణం నాకు జరిగినట్టు కాక, కలగన్నట్టే గుర్తు. వనపర్తి దాకా చలిగాలి, తరవాత ఇరుపక్కలా గుండ్రాళ్ల గుట్టలు ఎండలో మెరుస్తూ, ఎటు చూసినా ఆకులేని చెట్ల నిండా మోదుగుపూలు. భయపడాలన్న సంగతే మరిచి, ఆ ఎరుపులోంచి ఎక్కడికో తేలిపోతున్నట్టు పోయాను. డిండి దాటాక ఇంజను దగ్గి ఆగిపోయింది. ప్లగ్గు విప్పి, గరుకు కాగితంతో రుద్దుతూ కూర్చుంటే, చింతపండు రాలుస్తున్న ఒక అవ్వ చెంబుతో నీళ్లు తెచ్చింది.

"ఒక్కదానివి యాడికి బిడ్డా?"

"మా ఆయనకు పానం బాగలేదవ్వా, కేతేపల్లి పోతున్న."

"బండెవరిది మరి?"

ఆయనదే అనబోయాను. "నాదే," అని వచ్చింది నోట. అవ్వ నమ్మినట్టు తలూపి, ఇంజను అందుకునేదాకా అక్కడే నిలబడింది.

పొద్దు వాలుతుండగా చేరాను. నవారు మంచం మీద ఆయన పసుపు పూసినట్టు పడి ఉన్నారు.

"సమ్మె గదా, ఎట్ల వచ్చినవ్?" అన్నారు నీరసంగా.

"బండి మీద."

"ఎవరు తోలిన్రు?"

"నేనే."

ఆ జబ్బులోనూ ఆయన కళ్లు మూసుకుని నవ్వారు.

తెల్లారి ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని, పడిపోకుండా తువ్వాలతో నా నడుముకు కట్టుకుని నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాను. తల నా వీపుకు ఆనించి, ఆయన దారి పొడవునా మెల్లగా మాట్లాడుతూనే ఉన్నారు. ఒంటరిగా వచ్చేటప్పుడు వనపర్తి దాటి చీకటి పడితే భయమేసి గట్టిగా పాడుకునేవారట. దసరా తరవాత ఒకసారి ఒక్కరే ఉస్తాద్ షెడ్డుకు పోయి, ఆ కొత్త బండి ఇంకా అమ్ముడుపోలేదని తెలిసి, దాని ట్యాంకు మీద చేయి వేసి కొంతసేపు నిలబడి వచ్చేశారట. నేను రోడ్డు కనబడక బండి ఆపాను. కళ్లు తుడుచుకుని మళ్లీ పోనిచ్చాను.

నెల రోజులకు కోలుకున్నారు. మరి రెండేళ్లకు నాకు నల్లగొండకు బదిలీ వచ్చింది. తొంభైల్లో కొత్త రకం బండి, పెట్రోలు తక్కువ తాగేది, చప్పుడు చేయనిది కొన్నాం. పాతదాన్ని మేళ్లచెరువులో ఫ్యాక్టరీలో పనిచేసే మా మరిదికి ఇచ్చాం. ఎన్నాళ్లు నడిపాడో, ఆఖరికి ఏమైందో తెలియదు.

ఇప్పుడు ఆ దారిలో సగం ఊళ్లను తగలకుండా బైపాసులు తిప్పారు, చాలాచోట్ల చింతచెట్లు లేవు. ఎవరు ఎక్కడి దాకా వచ్చారో ఫోను చెబుతుంది, ఎదురుచూసే వాళ్లకు గుండెలు అదరవలసిన పని లేదు. మంచిదే, ఆ బాధలు ఎవరికీ వద్దు. కాని పదిహేను రోజుల మాటలను మూటగట్టి దాచుకుని, ఆయన ముఖం కడుక్కునేలోపే విప్పేసిన ఆ ఆత్రం మాత్రం, బదిలీ కాగితం వచ్చిన నాటి నుంచి మా ఇంటికి రాలేదు. సాయంత్రాలు ఇద్దరం వరండాలో కూర్చుంటాం, ఆయన పేపరు చదువుతారు, నేను చిక్కుడుకాయలు ఈనెలు తీస్తాను. ఏ లోటూ లేదు. ఒక్కొక్కప్పుడు ఏదో చెప్పాలని తలెత్తుతాను. అది ఆయనకు పొద్దున్నే చెప్పేశానని గుర్తొస్తుంది.