ముందు క్యారియర్‌కు లైటు బిగించిన నిపుణుడు

నంద్యాలలో తెల్లవారుజామున సైకిల్ మీద ఇంటింటికీ పేపర్లు వేస్తాను. ముందు క్యారియర్ మీద పేపర్ల కట్ట పెడితే హ్యాండిల్‌కున్న లైటు దాని వెనక దాగిపోతుంది. మొన్న రోడ్డు కనబడక గుంతలో పడ్డాను, మోకాలు చెక్కుకుపోయింది. అందుకే ఈ రోజు సాయంత్రం మా ఆయనతో కలిసి సైకిల్ షాపుకు వెళ్లి, లైటును క్యారియర్ ముందు కడ్డీకి బిగించమని అడిగాను.

షాపాయన నావైపు చూడనైనా చూడకుండా మా ఆయనతో, "అన్నా, లైటు యాడైనా హ్యాండిల్‌కే ఉంటాది. అక్క తెలీక చెప్తాంది" అన్నాడు.

"నాకేంది చెప్తాండావ్‌ప్పా? నాకు సైకిల్ తొక్కనే రాదు" అన్నాడు మా ఆయన.

అయినా ఆ పెద్దమనిషి ఆయనకే పాఠం చెబుతూ పోయాడు. నేనిక అడగలేదు. బల్ల మీది పానా తీసుకుని, లైటు విప్పి, కడ్డీకి నేనే బిగించాను. స్విచ్చి వేస్తే వీధి మలుపు దాకా వెలుతురు పడింది.

అంతలో అలాంటి క్యారియరే ఉన్న సైకిల్‌తో ఒక ముసలాయన వచ్చాడు. షాపాయన నా సైకిల్ చూపించి, "సూడు పెద్దాయనా, మా అంగట్లో లైటు ఇట్ల బిగిస్తాం. హ్యాండిల్‌కు పెడితే ఏం కనపడ్తాది?" అన్నాడు. కొంచెం కూడా తడబడలేదు.

ముసలాయన గ్రీజు అంటిన నా చేతులు చూశాడు. "బిగించింది నువ్వేనామ్మా? నాకూ నువ్వే బిగియ్యి" అన్నాడు.

బిగించాను. షాపాయన పక్కన నిలబడి ఒక్కొక్క నట్టూ అందించాడు. ఆ పని మాత్రం బాగానే చేస్తాడు. మీ ఊళ్లోని నిపుణులు ఏ పనికి పనికొస్తారో మీరూ చెప్పండి.