మావయ్యగారి విజయనగరం ఇన్‌స్పెక్షన్

మా మావయ్యగారితో రైలెక్కాలనుకునేవారు ముందుగా ఒక సంగతి తెలుసుకోవాలి. ఆయన రైలు ఎక్కడానికి వెళ్ళరు, అది సరిగా వస్తోందో లేదో తనిఖీ చెయ్యడానికి వెళతారు. సుబేదారుగా రిటైరై చాలా ఏళ్ళయినా ఆ పద్ధతి పోలేదు. ఏడు గంటల పాసింజరుకి నన్నూ మా అమ్మాయి సిరినీ ఐదున్నరకే ఆమదాలవలస స్టేషన్‌లో దింపేశారు. అప్పటికి టీ కొట్టువాడు ఇంకా స్టవ్వు కూడా వెలిగించలేదు.

“ముందొస్తే నష్టమేటమ్మాయీ?” అన్నారు. నష్టపోయింది నా నిద్ర. కోడల్ని కాబట్టి ఆ మాట ఆవలింతతో సరిపెట్టాను.

ప్రయాణం ఎందుకో చెప్పాలి. సిరికి నాలుగేళ్ళు నిండాయి. మాట రాలేదు, పిలిస్తే తిరగదు. మా ఆయనా సైన్యంలోనే. పంజాబ్‌లో ఉండగా స్పీచ్ థెరపీకి పేరు రాయించాం. మా వంతు వచ్చేసరికి బదిలీ అయింది. అస్సాంలో మళ్ళీ వరస చివర నిలబడ్డాం. ఇంకొక్కరి తర్వాత మనమే అనుకుంటూ ఉండగా ఆయన్ని కుటుంబాలు వెళ్ళకూడని చోటికి వేశారు. నేనూ పిల్లా అత్తవారింటికి వచ్చేశాం. జూన్‌లో మళ్ళీ కుటుంబంతో ఉండే చోటికి పోస్టింగ్ వస్తుంది. అక్కడి కంటోన్మెంట్‌లో ఇలాంటి పిల్లలకి బడి ఉంది. పిల్లకి ఏం వచ్చో, ఏం రాదో పరీక్షించి ఎవరైనా రిపోర్టు ఇస్తే, ఈసారి వరసలో నిలబడకుండా నేరుగా చేర్చుకుంటారట. సైనికుల పిల్లల్ని చూసే చిన్న కేంద్రం ఒకటి విజయనగరంలో ఉందని తెలిసి బయల్దేరాం. ఇదీ తప్పిపోతే పిల్లకి బడి ఈడు వచ్చేదాకా ఊళ్ళు తిరగడమే మిగులుతుంది.

చిక్కేమిటంటే, మావయ్యగారు దీన్ని ఇన్‌స్పెక్షన్ అనుకున్నారు. పెద్ద ఆఫీసరు వస్తున్నాడంటే మిలటరీ కేంపుల్లో చెట్ల మొదళ్ళకి సున్నం వేస్తారు. దారి పక్క రాళ్ళకీ వేస్తారు. ఆగి నిలబడితే మనుషులకి కూడా వేసేస్తారేమో. వారం రోజులుగా ఆయన మా సిరికి అలా సున్నం వేస్తున్నారు. “సిరీ! ముక్కు!” అని గట్టిగా అంటూ తన ముక్కు పట్టుకుంటారు. అది చూసి సిరి తన ముక్కు పట్టుకుంటుంది. తర్వాత చెవి, తర్వాత బొజ్జ. ఆ డ్రిల్లు పొద్దున్నా సాయంత్రమూ తప్పేది కాదు.

రైలు వేళకే వచ్చింది. మావయ్యగారు దాన్ని క్షమించారు. మా ఎదుట ఎండు చేపల గంపతో ఒకామె కూలబడింది. గంప వాసనకి ఇద్దరు కాలేజీ కుర్రాళ్ళు పక్క పెట్టెకి వెళ్ళిపోవడంతో మాకు కిటికీ దొరికింది.

“నీ పేరేటే గుంటా?” అని ఆమె సిరిని అడిగింది.

“సిరి,” అన్నారు మావయ్యగారు.

“మిమ్మల్నడగనేదు బాబూ. గుంటనడిగినాను.”

“దాని తరపున నానే సెప్తాను,” అని ఆయన డ్రిల్లు మొదలుపెట్టారు. ముక్కు, చెవి, బొజ్జ. పెట్టె అంతా చప్పట్లు కొట్టింది. పొందూరులో ఎక్కినవాళ్ళ కోసం మళ్ళీ చేయించారు. “గుంట సురుకైనదే,” అని మెచ్చుకుని ఆ చేపలామె చీపురుపల్లిలో దిగిపోయింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. అందరూ చప్పట్లు కొడుతున్న కొద్దీ నాకు భయం పెరిగింది. ఈ సున్నం చూసి, పిల్లకి ఏ లోటూ లేదని రాసేస్తే?

విజయనగరంలో దిగేసరికి తొమ్మిది కావస్తోంది. వెళ్ళేవాళ్ళకి ఒక సలహా: స్టేషన్ బయట బళ్ళ దగ్గర ఇడ్లీ వేడిగా దొరుకుతుంది, చట్నీ ఇంకో గరిటె అడిగితే విసుక్కోరు. ఆటోలు మాత్రం బేరమాడాలి. మావయ్యగారు బేరమాడరు, హుకుం జారీ చేస్తారు. అందువల్ల మూడు ఆటోలు వెళ్ళిపోయాక నాలుగోది దొరికింది.

కేంద్రం అంటే రెండు గదుల ఇల్లు. నేలమీద రంగుల చాపలు పరిచి ఉన్నాయి. థెరపిస్టు నవ్వుమొహం పిల్ల, నాకంటే చిన్నదే. సిరి ముందు సబ్బు బుడగలు ఊదుతూ కూర్చుంది. ఏమీ అడగదు, రాసుకోదు. మావయ్యగారికి ఓపిక నశించింది. గుమ్మంలోంచే అరిచారు: “సిరీ! ముక్కు!”

సిరి ముక్కు పట్టుకుంది. చెవీ, బొజ్జా కూడా అయ్యాయి.

“బాగుంది తాతగారూ,” అంది థెరపిస్టు. “ఇప్పుడు మీ చేతులు వెనక్కి పెట్టుకుని అడగండి.”

ఆయన చేతులు వెనక కట్టుకుని అడిగారు. సిరి ఫ్యాను చూస్తోంది. మళ్ళీ అడిగారు. ఫ్యానే చూస్తోంది.

“దాహమేస్తే ఏం చేస్తుంది?” అని అడిగింది థెరపిస్టు.

“దాహమెయ్యనిత్తానేటి?” అన్నారు గర్వంగా. “అడిగే పనే పెట్టను. బాటిల్ ముందే నోటికాడ పెట్టేత్తాను.”

ఆమె నా వైపు తిరిగింది. “మీరు చెప్పండి. ఇంట్లో ఎలా ఉంటుంది?”

క్వార్టర్సులో ఉన్నన్నాళ్ళూ నెలకోసారి ఆడవాళ్ళ మీటింగు జరిగేది. పెద్ద ఆఫీసరు భార్య “ఎనీ ప్రాబ్లమ్?” అని అడిగితే, “నో ప్రాబ్లమ్ మేడమ్!” అని మేమందరం ఒక్క గొంతుతో పాడేవాళ్ళం. కప్పు కారుతున్నా అదే పాట. ఆ పాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మావయ్యగారు వచ్చి నా పక్కనే కూర్చున్నారు. అయినా ఆ పాట మింగేశాను.

“లేదమ్మా,” అన్నాను. “ఏమీ అడగదు. ఏదైనా కావాలంటే ఏడుస్తుంది. పిలిస్తే చూడదు. నన్ను ఒక్కసారీ అమ్మా అనలేదు.”

మావయ్యగారు లేచి బయటికి వెళ్ళిపోయారు. ఇంటి గుట్టు బయటపెట్టినందుకు ఇక ఆర్నెల్లు నాతో మాట్లాడరనుకున్నాను. కాసేపటికి తిరిగి వచ్చి, మీసం సవరించుకుని, మడమలు కలిపి నిలబడ్డారు.

“మేడమ్, నానిందాక ఇచ్చిన రిపోర్టు తప్పు. మా గుంటకి మాట రాదు. అడగడం రాదు. రాసుకోండి.”

నాకు ఏడుపొచ్చింది. బుడగలు చూస్తున్నట్టు నటించాను.

ఆమె రాసుకుంది. మధ్యాహ్నం దాకా చూసి, పిల్లకి ఏ సాయం కావాలో వివరంగా రిపోర్టు ఇచ్చింది. మావయ్యగారికి ఒక డ్యూటీ కూడా వేసింది: ఇష్టమైనది చేతిలో పట్టుకుని, పిల్ల ఎలాగో ఒకలా అడిగేదాకా ఆగాలి.

“ఎంతసేపు?”

“అడిగేదాకా.”

ఆయన జీవితంలో ఇంత కష్టమైన ఆర్డరు ఏ కల్నలూ వేసి ఉండడు.

సాయంత్రం పాసింజరులో సిరికి ప్రాణమైన చేగోడీల పొట్లం విప్పి, ఒకటి మొహానికెదురుగా పట్టుకుని కూర్చున్నారు. సిరి ఆయన వేళ్ళు లాగింది, ఏడ్చింది, సీటు మీద పడి దొర్లింది. ఆయన కదల్లేదు. మెడ మీద చెమట కారుతోంది. పెట్టె అంతా మా మీద పడింది. చీపురుపల్లిలో ఖాళీ గంపతో ఎక్కింది పొద్దుటి చేపలామే.

“ఇచ్చీరాదేటి బాబూ! పసిగుంటని అలాగ ఏడిపిత్తారేటి? మీకు మనసునేదేటి?”

“ఉన్నాది. అందుకే ఇవ్వట్లేదు,” అన్నారాయన.

పొందూరు దాటాక సిరి ఏడుపాపింది. చేగోడీని వదిలి, మొదటిసారి ఆయన కళ్ళలోకి చూసింది.

“దే,” అంది.

ఇవ్వు అని. పంజాబ్‌లో పక్కింటి పిల్లలు మా గుమ్మంలో నిలబడి రోజూ హిందీలో అనే మాట. ఎన్నాళ్ళు దాచుకుందో తల్లి.

“ఏటందీ?” అంది చేపలామె.

“ఆర్డరేసింది,” అన్నారు మావయ్యగారు. చేగోడీ ఇచ్చి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు, చాలాసేపు.

ఆమదాలవలసలో దిగి ఆటో మాట్లాడుకుంటుంటే మా ఆయన ఫోను. మావయ్యగారు దాన్ని నా చేతిలోంచి లాక్కున్నారు.

“నాన్నా, అంతా ఓకేనా?”

“ఓకే కాదురా,” అన్నారు మావయ్యగారు. “సానా పనున్నాది. ఉండు, లైన్లో ఉండు.” ఫోను సిరి దగ్గర పెట్టి, రెండో చేత్తో జేబులోంచి చేగోడీ తీసి పట్టుకున్నారు.

“ఎక్కుతారా, నేదా?” అని ఆటో అతను హారను కొట్టాడు.

“ఆగవోయ్,” అన్నారు, పొద్దున్న రైలుకి గంటన్నర ముందు పరుగెత్తించిన మనిషి. “గుంట సెప్తాది.”