రైలు గీతకు అడ్డంగా మా పడుగులు

డోన్ నుంచి ఇంకో రైలుదారి చీల్చి మా వైపు తెస్తారన్న మాట పుట్టేనాటికి నేను కాపురానికి వచ్చి ఎంతో కాలం కాలేదు. అప్పట్లో నాకు అక్షరం ముక్క రాదు. నడివయసు దాటాక చదవడం, రాయడం వచ్చింది కాబట్టి, అన్నిటికన్నా ముందు ఆ సంగతే రాసుకుంటున్నాను.

మాది నేతగాళ్ల వీధి. వీధి చివర నుంచి వాన నీళ్లు పారే వంక దాకా పొడుగ్గా, చదునుగా ఒక బయలు ఉండేది. మగ్గానికి ఎక్కించే ముందు పడుగును, అంటే నిలువు పోగులను, ఆరుబయట గూటాలకు కట్టి బిగువుగా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి ఆరబెట్టాలి. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే ముగించాలి. లేకపోతే పోగులు పెళుసెక్కి తెగిపోతాయి. పొద్దుకొక ఇంటి వంతు. ఆ బయలు పోతే మా మగ్గాలు మూలపడ్డట్టే.

మా వంతు వచ్చిన ఒక తెల్లవారుజామున చూస్తే, బయలు పొడుగునా కొత్త కొయ్య గూటాలు వరసగా పాతి ఉన్నాయి. మా అత్త సంబరపడిపోయింది.

"ఎవురో పుణ్యాత్ములు మన కోసరం కొట్టిపోయినారు మే! మన గూటాలు పుచ్చిపోయినాయని యెట్ల తెలిసెనో!"

పడుగు వాటికే కట్టి బిగించాం. ఆ లాగుడుకు రెండు గూటాలు పక్కకు ఒరిగాయి. మేం పట్టించుకోలేదు.

మధ్యాహ్నం రైలు ఓవర్సీరు, కొలత గొలుసు పట్టే కూలీలు వచ్చారు. ఒరిగిన గూటాలు చూసి ఓవర్సీరు కేకలు వేస్తే, ఇళ్లలోంచి పరుగెత్తి వెళ్లాం.

"రైలుదారి కొలతకు పాతినవమ్మా ఇవి! ఎవరు లాగారు?"

"మేం లాగలేదప్పా, మా పడుగు లాగింది," అంది అత్త. కూలీలు నవ్వారు. ఆయన నవ్వలేదు. బండ మీద పటం పరిచి, ఎర్రగీత మీద వేలు పెట్టి, రైలు ఇలా పోతుందని చూపించాడు.

"మా బయలు యాడుండాది దీంట్లో?" అంది అత్త.

"బయలేమిటి? ఖాళీ జాగా ఇది. ఎన్నిసార్లు వచ్చినా మేకలు తప్ప ఏమీ చూడలేదు నేను."

ఆయన అబద్ధమాడలేదు. ఆయన ఎప్పుడూ భోజనం చేసి వచ్చేవాడు. అప్పటికి మేం పడుగు చుట్టేసి ఇళ్లకు చేరేవాళ్లం.

"నువ్వు పొద్దు నడినెత్తికొచ్చినంక వస్తాండావు. కోడి కూసినప్పుడు వచ్చి సూడప్పా!"

"గీత మార్చడం నా చేతిలో లేదమ్మా. బేస్తవారం పొద్దున్నే ఇంజనీరు దొర గుర్రం మీద వస్తాడు. ఆయనకు చెప్పుకోండి."

వీధి వీధంతా దిగులుపడింది. "దొర మాట మనకు రాదు, మన మాట ఆయనకు రాదు. ఏమని చెప్పుకుందుము?" అన్నాడు మామ.

"చెప్పేదేముండాది, చూపిద్దాం," అంది అత్త. "అందరి పడుగులూ ఒకే పొద్దు పరుద్దాం."

మామ అదిరిపడ్డాడు. దుమ్ముగాలి లేచినా, వాన చినుకు రాలినా వీధి మొత్తం నూలు ఒక్క పూటలో పోతుంది. పైగా అన్ని పడుగులు దువ్వడానికి చేతులు చాలవు. అది విని పక్క వీధి దూదేకులామె వచ్చింది. "ఏందక్కా, దూది ఏకే చేతులకు కుంచె బరువా? మా ఇళ్లోళ్లమంతా వస్తాం."

బేస్తవారం తెల్లవారేసరికి వీధి చివర నుంచి వంక దాకా పడుగులే. ఎరుపు, నీలి, తెలుపు, కాలు పెట్టే సందు లేదు. అంతవరకు గంజి కుండ మోయడమే నా పని. ఆ పొద్దు అత్త కుంచె నా చేతికిచ్చింది. ఒకసారి గాలి లేచి నూలంతా అల్లాడింది. అందరం పడుగు కొసలు గట్టిగా పట్టుకున్నాం. గాలి సద్దుమణిగింది.

దొర రానే వచ్చాడు. "గొలుసు పట్టండి," అన్నాడు ఓవర్సీరు. కూలీలు కదల్లేదు. సాచిన పడుగును మా వైపు ఎవరూ దాటరు.

"తప్పు సామీ. సుట్టు తిరిగి పోతాం," అన్నాడు ఒకడు.

"ఎంత దూరం?"

"వంక దాకా!"

దొర గుర్రం దిగి ఏదో అడిగాడు. "రోజూ ఇంతేనా అంటున్నాడు," అన్నాడు ఓవర్సీరు.

ఔనంటే పని అయిపోతుందేమోనని నాకు ఆశ పుట్టింది. అత్త తల అడ్డంగా ఊపింది. "రోజూ ఒకిల్లే. ఆయప్పకు ఒక్కపారిగా కనపడాలని ఈ పొద్దు అందరం పరిచినాం. ఉన్నదున్నట్టు చెప్పు."

ఓవర్సీరు చెప్పాడు. దొర పెద్దగా నవ్వి, గుర్రాన్ని కూలీకి అప్పగించి, పడుగుల అంచు వెంబడి నడిచి వంక దాటి పోయాడు. అవతల చాలాసేపు తిరిగాడు. తిరిగొచ్చి పటం మీద పెన్సిలుతో ఇంకో గీత గీశాడు.

ఓవర్సీరు గొంతెత్తి చెప్పాడు. "దారి వంక అవతలికి పోతుంది! కట్ట కింద నీళ్లు పోయే మోరీలు ఎక్కువ కట్టాలి, అయినా సరేనన్నాడు దొర!"

నేను కుంచె వదిలేసి గట్టిగా అరిచాను. "చెయ్యి ఆపొద్దు మే! గంజి బిగుసుకుంటాది," అని అత్త కసిరింది. "ఆరినంక అరుద్దువు గానీ!"

ఆరాక అరిచాం. మా బయలులోని గూటాలు కూలీలే పీకుతుంటే, ఒక్కొక్క గూటానికి ఒక్కొక్క కేక. పడుగులు చుట్టి భుజాలకెత్తుకుని వీధిలోకి వస్తుంటే పెండ్లి ఊరేగింపులా ఉంది. అందరికన్నా ముందు అత్త, ఆమె పక్కన దూదేకులామె.

"రేపు ఎవురి వంతు?" అని మామ అలవాటుగా అడిగాడు.

"ఇంకెవురి వంతు, అందరివీ అయిపాయె!" అంది అత్త. "పోయి మగ్గాలెక్కండి!"