సొంత ఓటు

మా తాతగారి తాత మునిసిపల్ ఎన్నికల్లో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడు. ఆ ఓటు ఆయనదే.

పందొమ్మిదో శతాబ్దం చివర, గోదావరి పక్క చిన్న పట్టణంలో జరిగిన సంగతి. పోటీదారు పొద్దున్నే ఇంటికొచ్చి, "బావగారూ, మీ ఓటు నాకే వెయ్యాలి" అని వేళాకోళమాడాడట. గుమ్మంలోకొచ్చిన మనిషిని కాదనలేక ఈయన "అలాగే" అన్నాడు. అన్నందుకు వేశాడు కూడా! ఆయన భార్య నెల్లాళ్లు మాట్లాడలేదట. అప్పట్నుంచి మా ఇంట్లో ఎవరు మెతకబడినా ఒకటే దెప్పు: "సొంత ఓటు వేసుకోలేని వంశం."

ఆ దెప్పు కడిగేద్దామనే ఇక్కడ ఐర్లండ్‌లో, లీక్స్‌లిప్ దగ్గర మా కౌన్సిల్ ఎన్నికలకు నిలబడ్డాను. బస్‌స్టాప్ దాకా ఫుట్‌పాత్ వేయిస్తానన్నది పైకి చెప్పిన కారణం.

మా పక్కింటి పెద్దాయనా పోటీలో ఉన్నాడు. నేను ఆసుపత్రిలో డ్యూటీలో ఉంటే మా చెత్త బిన్ కూడా తనే బయట పెట్టే మనిషి. ఓ శనివారం తలుపు తట్టి, "నీ నంబర్ టూ నాకు దొరుకుతుందా?" అన్నాడు. ఇక్కడ ఓటంటే వరుసగా ఒకటి, రెండు, మూడు అని అంకెలు వెయ్యడం. మనం ఒకటి వేసిన మనిషి వెనకబడిపోతే, ఆ కాగితం రెండు వేసిన మనిషికి చేరుతుంది. పాపం, ఆయన అడిగింది రెండే. నేను పకోడీల ప్లేటు చేతిలో పెడుతూ, "టూ ఏంటండీ, వన్నే మీకు!" అనేశాను.

తలుపు వెయ్యగానే మా ఆయన సోఫాలో పడి దొర్లాడు. "వంశం పేరు నిలబెట్టావే తల్లీ!"

మా అమ్మాయి వంటింటి అలమరలోంచి కప్పు తీస్తూ, "మామ్, జస్ట్ వోట్ ఫర్ యువర్‌సెల్ఫ్. ఇట్స్ గ్రాండ్" అంది.

దానికేం, గ్రాండే, ఇక్కడి భాషలో 'ఏం పర్లేదు' అనడమే. మాటిచ్చింది నేను కదా! ఒకవేళ మాట తప్పితే ఆ బాకీ ఇలాగైనా తీరాలని మన తెలుగువాళ్ల ఇంటింటికీ తిరిగి, కాఫీలు తాగి తాగి, "ఒకటి నాకు, రెండు పక్కింటాయనకు" అని వేడుకున్నాను. ఒక అంకుల్‌కు కోపమొచ్చింది. "నీ ఎన్నికా, ఆయన ఎన్నికా అమ్మా ఇది?"

పోలింగ్ రోజు పెన్సిల్ పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో! మాట తప్పనా, మళ్లీ ఆ దెప్పే పడనా? చివరికి కళ్లు మూసుకున్నంత పని చేసి నా పేరు పక్కన ఒకటి వేశాను. ఆయనకు రెండు. దొంగలా బయటికొచ్చాను.

లెక్కింపులో నేను తొందరగానే ఎగిరిపోయాను. నా కాగితాలన్నీ రెండో అంకె చూసి పంచారు. మనవాళ్లు వేసిన రెండో అంకెలతోనే, ఉన్న సీట్లలో చివరిది ఆయనకు దక్కింది! హాల్లో ఆయన్ని భుజాలకెత్తారు. ఓడిన సంగతి మరిచి నేనూ ఓ కాలు పట్టుకుని గంతులేశాను. మా ఆయన ఈల వేశాడు.

కిందికి దిగాక పెద్దాయన నా చెవి దగ్గర వంగాడు. "నా వన్ నీకే వేశాను. నువ్వంత మాటన్నాక వెయ్యకపోతే ఏం బావుంటుంది?"

"నేను... నాకే వేసుకున్నానండీ."

ఆయన కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను, ఆపుకోలేక కుర్చీలో కూలబడి మరీ నవ్వాను. మా వంశంలో సొంత ఓటు వేసుకున్న మొదటి మనిషిని నేనే. మా తాతగారి తాత పక్కింట్లో ఉన్నాడు.